ముప్పై ఒకటో తారీఖు

పాతపట్నంలో బస్సు దిగగానే నాకు ముందు కలిగేది చిరాకు. వానాకాలమైతే మరీను. బస్టాండు ముందు నా చిన్నప్పుడు ఎక్కడ నీళ్ళు నిలిచేవో ఇప్పుడూ అక్కడే నిలుస్తాయి. దాని పక్కన టీకొట్టు బల్ల మీద నలుగురు మగవాళ్ళు ఎప్పుడూ కూర్చునే ఉంటారు. దిగినవాళ్ళ సంచి చూస్తారు, చెప్పులు చూస్తారు, చివరికి ముఖం చూస్తారు. "ఎరువుల కొట్టాయన సెల్లి కాదేటి ఆ గుంట? లావయిపోనాది" అని నాకు వినబడేలాగే అనుకుంటారు. యాభై దాటినా ఈ ఊళ్ళో నేను గుంటనే, చిన్నపిల్లనే. విశాఖలో కాలేజీ పిల్లలకు పౌరశాస్త్రం చెబుతాను, ఇంట్లో నా మాటకు ఎదురు లేదు. ఇక్కడ మాత్రం లావైపోయిన గుంటని.

ఊరి కంటే మా అన్నయ్యలు నయమని ఎవరైనా అనుకుంటే పొరపాటు. నాన్న పోయిన ఏడాది తిరక్కుండానే పాత ఇల్లు పడగొట్టి, అదే సందులో ఎదురెదురుగా రెండిళ్ళు కట్టుకున్నారు. పక్కపక్కన కట్టుకుంటే మధ్యలో గోడ అడ్డం. ఎదురుగా అయితే అవతలివాళ్ళ ఇంటికి ఎవరొచ్చారో, ఏ సంచి మోసుకొచ్చారో, ఏ కూర వాసన వస్తోందో హాయిగా తెలుస్తుంది. పెద్దన్నయ్యది ఎరువుల కొట్టు. చిన్నన్నయ్య మండలాఫీసులో అటెండరు. ఇద్దరూ ఇత్తడి బిందెలు పంచుకున్నారు, పశువులశాల పెంకులు పంచుకున్నారు, పెరట్లో సగం ఎండిన పనసచెట్టు కొట్టించి ఆ దుంగలు కూడా పంచుకున్నారు. ఆఖరికి అమ్మ మిగిలింది.

అమ్మను పంచడానికి పెద్దమనుషులు కూర్చున్నారు. వాళ్ళలో ఒకాయన రిటైరైన లెక్కల మేష్టారు. ఒకటి నుంచి పదిహేను దాకా పెద్దన్నయ్య ఇంట్లో, పదహారు నుంచి ముప్పై దాకా చిన్నన్నయ్య ఇంట్లో ఉండాలని తేల్చి, జీడిపప్పు వేసిన ఉప్మా తిని, మూతులు తుడుచుకుని వెళ్ళిపోయారు. కొన్ని నెలలకు ముప్పై ఒకటో తారీఖు కూడా ఉంటుందని అంతమంది మగవాళ్ళలో ఒక్కరికీ తోచలేదు. లెక్కల మేష్టారికీ తోచలేదు. ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్న ఊరు ఇలా కాక ఇంకెలా ఉంటుంది?

నన్ను ఈ పంపకంలో కలపలేదు. ఆడపిల్లని కదా. అమ్మ కూతురింట్లో ఉంటే కొడుకుల పరువేం కావాలి? ఆ మాట అన్నయ్యలు అన్నప్పుడు నేనూ గట్టిగా వాదించలేదు. మాది రెండు గదుల ఫ్లాటు, అందులో ఒకటి మా అత్తగారిది. ఆచారం ఒక్కోసారి మన వీలు చూసే మాట్లాడుతుంది.

ముప్పై ఒకటో తారీఖు సంగతి నాకు మొన్న జూలైలో గానీ తెలియలేదు. ఎప్పుడు వెళ్ళినా సెలవులు చూసుకుని, ముందు ఫోన్ చేసి, అమ్మ ఆ రోజు ఏ ఇంట్లో ఉంటుందో కనుక్కుని మరీ వెళ్ళేదాన్ని. ఆ రోజు పరీక్షల పని మీద టెక్కలి వచ్చాను. పని పొద్దున్నే తేలిపోయింది. ఎలాగూ ఇంత దూరం వచ్చాను కదా అని ఎవరికీ చెప్పకుండా పాతపట్నం బస్సెక్కాను.

పెద్దవదిన గుమ్మంలో కూర్చుని చేటతో బియ్యం చెరుగుతోంది. "అమ్మేదీ?" అన్నాను.

"మా వంతు రేపట్నుంచి కదమ్మా," అంది లేవకుండానే. "ఎదరింట్ల అడుగు."

సందు దాటాను. చిన్నవదిన టీవీ మీంచి తల తిప్పింది. "మాది నిన్న రేత్రితో అయిపోనాది. ఈయేళ పొద్దుట కాపీ కూడా నానే ఇచ్చినాను, వంతు కాకపోయినా." ఆ కాఫీ మాట చెప్పేటప్పుడు ఆవిడ ముఖంలో దానం చేసినవాళ్ళ కళ వచ్చింది. చూసి తీరాలి.

అమ్మ బట్టల సంచి అరుగు మీద ఉంది. నిన్నటి ఇంట్లోంచి బయటికొచ్చేసింది, రేపటి ఇంట్లోకి ఇంకా వెళ్ళలేదు.

"మరి ఇవాళ ఎవరి వంతు?"

"ఈయేళ ముప్పై ఒకటి గదా. ఎవులిదీ కాదు," అంది చిన్నవదిన, ప్రపంచంలో అందరికీ తెలిసిన విషయం నాకొక్కదానికే తెలియనట్టు.

ఆ తర్వాత రెండు గుమ్మాల నుంచీ న్యాయశాస్త్రం మొదలైంది. ఫిబ్రవరిలో మీకు రెండు రోజులు కలిసొస్తున్నాయి కాబట్టి ముప్పై ఒకటి మీరే చూసుకోవాలని పెద్దవదిన చేట ఆపకుండా అంది. ఫిబ్రవరిని దేవుడు పెట్టాడు, ముప్పైతో మా పని సరి అని పెద్దమనుషులు పెట్టారు అని చిన్నవదిన టీవీ ఆపకుండా అంది. ఇద్దరికీ ఈ వాదన కంఠతా వచ్చు. అమ్మ ఎక్కడుందని నేను మూడోసారి అడిగితే గానీ జవాబు రాలేదు.

"పర్లాకిమిడి ఎల్లుంటాది. ఎప్పుడూ అక్కడికే. కోట ఎనకాతల గాజులమ్మే ఒడియా ముసిలమ్మ ఉన్నాది, దానింటికి. దీపాలెట్టే యేళకి వచ్చెస్తాది. వచ్చి ఈ అరుగు మీద తొంగుంటాది, తెల్లారి ఎదరింటికి ఎల్తాది," అంది చిన్నవదిన.

పర్లాకిమిడి పేరుకే ఒడిశా. మా ఊళ్ళో షేర్ ఆటో ఎక్కితే చుట్ట కాలేలోపు దింపేస్తాడు. అయినా మోకాళ్ళు అరిగిపోయిన మనిషి, ఇద్దరు కొడుకులుండగా, ఒక పూట అన్నం కోసం రాష్ట్రం దాటి పోవాలా? ఆటోలో పక్కన కూర్చున్నాయన ఏ ఊరు, ఎవరింటికి అని ఆరా తీస్తుంటే ముఖం తిప్పుకున్నాను.

ఇల్లు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. సందు మొదట్లోనే అమ్మ నవ్వు వినబడింది. ఇరుకు అరుగు మీద ఇద్దరు ముసలమ్మలు కాళ్ళు బార్లా చాపుకుని కూర్చున్నారు. మధ్యలో ఖాళీ ఆకుదొన్నెలు. అమ్మ నోట్లో చుట్ట ఉంది, అదీ నిప్పున్న కొస లోపలికి పెట్టుకుని. అడ్డపొగ అంటారు మా వైపు, ముసలమ్మల అలవాటు. వాసన వస్తోందని కోడళ్ళిద్దరూ మానిపించారు. నోటికి పుండ్లు వస్తాయని డాక్టరు మాట మోసుకొచ్చి నేనూ మానిపించాను. మానేసిందనే అందరం అనుకుంటున్నాం. ఆ చుట్ట తీసి, సగం తెలుగు సగం ఒడియాలో, పెద్దవదిన మూతి విరిచే తీరు చేసి చూపిస్తోంది. ఆ ఒడియా ముసలావిడ నవ్వలేక గోడకు చేరగిలబడిపోయింది.

ఆ నవ్వు నేను విన్నాను. విన్నాను గానీ పట్టించుకోలేదు. నా కళ్ళకు ఆ ఎంగిలి దొన్నెలే కనబడ్డాయి.

"నువ్వేటే, ఇక్కడికెలా వచ్చినావు?" అంది అమ్మ. చుట్ట దాచనైనా దాచలేదు.

"పదమ్మా, ఇంటికి."

"సాయంత్రం వస్తాను గదా. కూకో. గుప్‌చుప్ తింతావేటి? బండివోడు ఇంకా సందులోనే ఉంటాడు." గుప్‌చుప్ అంటే అక్కడివాళ్ళు పానీపూరీని అనే మాట. డెబ్బై దాటిన మనిషి పానీపూరీ తింటోంది.

"ఎవరింటి ముందో కూర్చుని బిచ్చగత్తెలా తినడమేమిటి నీకు?"

ఒడియా ఆవిడకు తెలుగు బాగానే వచ్చు. ఆవిడ నవ్వు ఆగిపోయింది. దొన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టి పక్కకు జరిపింది.

"ఎవులిల్లో కాదు ఇది," అంది అమ్మ మెల్లగా. నేను అప్పటికే ఆవిడ రెక్క పట్టుకుని లేపుతున్నాను.

ఆటోలో అమ్మ ఊళ్ళు చూస్తూ కూర్చుంది. దారి పొడుగునా పొలాల్లో వరి ఉడుపులు పడుతున్నాయి. "మద్దేన్నం టీవీలో సినీమా ఉన్నాది. ఆ ముసిల్ది నా కోసం ఎదురుసూస్తాది," అంది ఒకసారి.

"ఇంక నీకు ఆ ఖర్మ పట్టదు. నేను చూసుకుంటాను."

"ఏటి సూస్తావు? నువ్వేటీ సూడొద్దు."

కొడుకులంటే భయంతో అంటోందనుకున్నాను. పౌరశాస్త్రం చదివినవాళ్ళకు ఎదుటివాళ్ళ భయాలు ఇట్టే అర్థమైపోతాయి, ఎదుటివాళ్ళు ఏం చెబుతున్నారో తప్ప.

సందులోకి రాగానే అన్నయ్యలిద్దరికీ ఫోన్ చేసి రప్పించాను. లోపలికి రమ్మన్నారు. వెళ్ళలేదు. సరిగ్గా సందు మధ్యన, ఎవరి ఇంటి ముందూ కాని చోట నిలబడ్డాను. తల్లికి ఒక్క రోజు కూడు పెట్టడానికి వాదులాడుకునే మగాళ్ళు మీసాలెందుకు పెంచుతారని అడిగాను. "పెద్దమనుసులు సెప్పినట్టే సేత్తన్నాం గదా," అన్నాడు చిన్నన్నయ్య. పెద్దమనుషులు గడ్డి తినమంటే తింటావా అన్నాను. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. నన్ను లావైపోయిన గుంట అన్న ఊరు నోరు మూసుకుని వింటోంది. అబద్ధమెందుకు, అంత సంతోషం నాకు ఈమధ్య ఎప్పుడూ కలగలేదు. లెక్కల మేష్టారు కూడా ఊతకర్ర పట్టుకుని వచ్చి ఒక పక్కన నిలబడ్డాడు.

తీర్పు నేనే చెప్పాను. ముప్పై ఒకటులు ఏడాదికి ఏడు. మూడు పెద్దన్నయ్యకు, మూడు చిన్నన్నయ్యకు. ఏడోది ఎవరిదంటూ మళ్ళీ కొట్టుకోబోతే, డిసెంబరుది నాది, నేనే వచ్చి విశాఖ తీసుకెళ్తానని అన్నాను. జనం 'ఆహా' అన్నట్టు చూశారు.

"నన్నడగరేటి?" అంది అమ్మ అరుగు మీంచి.

"నువ్వుండమ్మా."

"ఒకపాలి నా మాట..."

"అమ్మా, నువ్వుండు."

"ఇప్పుడు లెక్క సరిపోయింది," అన్నాడు మేష్టారు. జూలై పెద్దన్నయ్య వంతు కాబట్టి పెద్దవదిన వచ్చి అరుగు మీది సంచి తీసుకుపోయింది, పదిమంది చూస్తుండగా, ఎంతో భక్తిగా.

భోజనం అయ్యాక అమ్మ నన్ను సాగనంపడానికి సందు చివరిదాకా వచ్చింది. ఆశీర్వదిస్తుందనుకున్నాను. కనీసం కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందనుకున్నాను. నా ముఖంలోకి చూసిన చూపులో ఆ రెండూ లేవు. నేను వదినల్ని చూసే చూపే అది.

"ఇంట్లో గిన్నెలు పంచుకున్నారు, నన్నూ పంచుకున్నారు. అందరూ పంచుకోగా ఏడు రోజులు మిగిలినాయి. ఎవులికీ అక్కర్లేనివి. అవి నావి," అంది. "ఎవులికీ సెప్పకుండా అట్టిపెట్టుకున్నాను. ఏడూ పంచీసినావు."

"నీ మంచికే కదమ్మా..."

"నాకు తెలీదేటి నా మంచి? అడిగినావేటి? రెండుసార్లు నోరు తెరిసినాను." కొంగుతో ముఖం తుడుచుకుంది, చెమటే. "వచ్చే నెలకీ ముప్పై ఒకటున్నాది. ఆ గాజులమ్మే ముసిల్ది పొద్దుటేల నుంచీ దాని అరుగు మీద కూకుంటాది. దానికి ఫోను నేదు. నువ్వే ఎల్లి సెప్పు, ఇంక రాదని. నాను సెప్పలేను." వెనక్కి తిరిగి, మోకాలు పట్టుకుంటూ పెద్దన్నయ్య ఇంటివైపు నడిచింది.

వెనకాలే వెళ్ళవచ్చు. సందు మధ్యలో నిలబడి, నేను చెప్పిందంతా తప్పు, ఆ రోజులు ఆవిడవి, ఆవిడకే వదిలేయండి అని ఒక్క మాట అంటే చాలు. పెద్దన్నయ్య ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. మేష్టారు ఇంకా కర్ర ఆనించుకుని ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆ ముఖాల ముందు, ఆ మీసాల ముందు నేను వెనక్కి తగ్గడమా? ఊరంతా సాయంత్రానికి చెప్పుకుని నవ్వుకోవడమా? పర్లాకిమిడి వెళ్ళి ఒక గాజులమ్మే ముసలావిడకు కబురు చెప్పడమే నాకు తేలికనిపించింది. ఆటో ఎక్కాను.

ఆవిడ అరుగు మీదే ఉంది. లోపల టీవీ మోగుతోంది. నన్ను చూసి, నా వెనకాల ఇంకెవరైనా వస్తున్నారేమోనని తొంగి చూసింది. అమ్మ ఇంక రాదని చెప్పాను. ఎందుకని అడగలేదు. కాసేపు తన చేతి గాజులు తిప్పుకుంది.

"కొడుకులు మానిపించీసినారా?" అంది.

"అవును," అన్నాను.

ఆవిడ ఒడియాలో ఏదో గట్టిగా తిట్టింది. నాకు ఒడియా రాదు గానీ అది ఎవరికి తగలాల్సిన తిట్టో తెలుసు. ఔనన్నట్టు తలూపి, బస్సుకు వేళయిందని చెప్పి వచ్చేశాను.