ఐదో ప్లేటు

అతన్ని అందరూ మిల్లీమీటరు అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఇంకెవర్నో అనుకుని పక్కకి తప్పుకుంటాడేమో కూడా! పాత మోటారు సైకిళ్లకి క్లచ్ ప్లేట్లు మార్చాలంటే చుట్టుపక్కల అతని తర్వాతే ఎవరైనా. ప్లేటు చేతికొచ్చిందంటే నాలుగు చోట్ల వెర్నియర్ పెట్టి మందం కొలుస్తాడు, తుడిచి మళ్లీ కొలుస్తాడు. "ఈయనకి తలనొప్పొచ్చినా ఎన్ని మిల్లీమీటర్లొచ్చిందో చూసుకుంటాడు" అని పక్క షెడ్డు వెల్డరు వేళాకోళం.

నవ్వేవాళ్లకేం, నవ్వుతారు. ఆ పిచ్చి ఎక్కడ పట్టుకుందో వెల్డరుకేం తెలుసు?

పనిబల్ల వెనక గోడకి ఎన్నిసార్లు సున్నం వేశారో లెక్కలేదు. ఒక్కచోట మాత్రం, జానెడు మేర, పంతొమ్మిదేళ్లుగా కుంచె తగల్లేదు. సున్నం వేసేవాడు అక్కడికి రాగానే ఇతను అడ్డంగా నిలబడతాడు. పెన్సిలుతో రాసిన అంకెలున్నాయక్కడ. పైన 'అన్న బండి', కింద 3.4, 3.4, 3.3, 3.4, 3.4. మొదటి నాలుగూ కొలిచి రాసినవి. ఐదోది కొలవకుండా రాసింది.

ఆ రోజు అన్నకి తొందర. పాత బండికి కొత్త ప్లేట్లు దొరక్క, ఎవరో వాడి తీసేసిన సెట్టు సంపాదించి తెచ్చాడు. మందం మూడు పాయింటు ఒకటికి తగ్గితే పనికిరావు, అందుకే కొలత. నాలుగయ్యాయి. గుమ్మంలో అన్న, "ఒరే, నువ్వు పెళ్లిచూపులు చూస్తున్నావా, ప్లేట్లు చూస్తున్నావా?" అని గోల. తమ్ముడు నవ్వేసి, ఐదోదాన్ని బొటనవేలితో తడిమి, నాలుగోదాని అంకే దానికీ రాసి, బిగించి పంపేశాడు.

మర్నాడు పొద్దున్న వంతెన ఎక్కుతుంటే మధ్యలో అన్న బండి ఆగిపోయింది. వెనకొస్తున్న లారీ ఆగలేదు. చూసినవాళ్లు ఒకటే మాట చెప్పారు: "ఇంజిను అరుస్తూనే ఉందండీ, బండే కదల్లేదు."

ఇంజిను అరిచి బండి కదలకపోతే క్లచ్ జారినట్టు. ప్లేటు అరిగితే క్లచ్ జారుతుంది. ఇది అతనికి ఒకరు చెప్పాలా? అప్పట్నించి ఆ అరుపు అతన్ని వదల్లేదు. అన్నం తింటుంటే వినిపిస్తుంది, గడ్డం గీసుకుంటుంటే వినిపిస్తుంది. వీధిలో ఏ బండి గట్టిగా అరిచినా చేతిలో పని ఆపేసి, అది కదిలిపోయేదాకా ఊపిరి బిగబట్టుకుంటాడు. అన్న బండి వదిన వాళ్ల వసారాలో పట్టా కిందే ఉంది. విప్పి చూస్తే ఒక్క గంటలో తేలిపోయే సంగతి. పంతొమ్మిదేళ్లూ ఆ పట్టా అంచు ముట్టుకోవడానికి అతనికి ధైర్యం చాల్లేదు.

ఈ పొద్దున్న వదినే బండిని ఆటో ట్రాలీలో వేయించుకుని దిగింది.

"అమ్మాయికి ఉద్యోగమొచ్చింది మరిదీ. నాన్న బండి మీదే వెళ్తానని మంకుపట్టు. నేను చెప్తే వింటుందా? ఎవరి కూతురు! అదేదో నీ చేత్తోనే బాగుచెయ్యి."

కాదనడానికి అతనికి ఒక్క సాకూ దొరకలేదు. వదిన స్టూలు లాక్కుని కూర్చుంది.

ఆయిలు దింపాడు. పక్క మూత విప్పాడు. స్ప్రింగుల స్క్రూలు ఒక్కొక్కటే వదులు చేస్తుంటే ఒకటి కింద దొర్లిపోయింది. ప్లేట్లు బయటికి తీసి, కిరసనాయిల్లో కడిగి, బల్ల మీద వరసగా పేర్చాడు. పట్టు కోసం పైన అతికించిన కార్కు ముక్కలు నల్లబడి అద్దంలా మెరుస్తున్నాయి. జారిన మాట నిజమే!

మొదటిది కొలిచాడు. రెండు, మూడు, నాలుగు. గోడ మీది అంకెలే వచ్చాయి.

ఐదోదాన్ని తుడిచి, మళ్లీ తుడిచాడు. వెర్నియర్ దవడలు దగ్గరికి జరిపాడు. 3.4. ప్లేటు తిప్పి ఇంకోచోట పెట్టాడు. 3.4. వెర్నియర్ మీదే అనుమానమొచ్చి పాతది తీసి దానితో చూశాడు. మళ్లీ అదే. వాటి మధ్య వేసే స్టీలు ప్లేట్లు అద్దం పలక మీద పెట్టి చూశాడు, ఒక్కటీ వంగలేదు. స్ప్రింగుల పొడవూ సరిగ్గానే ఉంది.

మరి ఎందుకు జారింది? దేవుడా, ఎందుకు జారింది?

అప్పుడు క్లచ్ కేబులు చూశాడు. హ్యాండిల్ దగ్గర లివరుకి బియ్యపు గింజంత ఆట, అంటే వదులు, ఉండాలి. తను బిగించేటప్పుడు ఉంచాడు, బాగా గుర్తు. ఇప్పుడు ఆట లేదు. కేబులు స్క్రూ చివరికంటా తిప్పేసి ఉంది. కేబులు అంత బిగిస్తే ప్లేట్లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవు, ఎంత కొత్తవైనా జారతాయి. స్క్రూ మీది నట్టు మూలలు కొరికినట్టు అరిగిపోయి ఉన్నాయి. స్పానరు ఎదురుగా ఉన్నా కటింగ్ ప్లేయరు పట్టుకునే మనిషి అతనికి తెలిసి ఒక్కడే. అన్న.

బల్లని పట్టుకున్నాడు. నేను కాదు. అన్నా, నేను కాదు! ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. వదినకి చెప్పెయ్యాలి, ఇప్పుడే, ఈ క్షణమే చెప్పెయ్యాలని ఆమె వైపు తిరిగాడు.

వదిన ఆ నట్టునే చూస్తోంది. ఆమె మొహంలో చిన్న నవ్వు.

"ఇంకా అలాగే ఉందా? ఆ పొద్దున్న బయల్దేరబోతూ, లివరు వదులుగా ఉందని ఒకటే సణుగుడు. తమ్ముడి దగ్గరికెళ్లి బిగించుకోండి అన్నాను. 'వాడి పనికి వంక పెట్టానంటే మొహం చిన్నబుచ్చుకుంటాడే' అన్నారు. పొయ్యి మీద పని వదిలేసి ప్లేయరు వెతికి అందించింది నేనే. ఆయన నన్ను అడిగిన ఆఖరి వస్తువు అదే మరిదీ."

ఆమె కొంగుతో నట్టు మీది దుమ్ము తుడిచింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగని మాట అడిగింది. "ఇంతకీ ఆ రోజు ఎందుకాగింది బండి? నీకేమైనా తెలిసిందా?"

షెడ్డులో కిరసనాయిలు వాసన. బల్ల మీద ఐదు ప్లేట్లు. అతను ఐదోదాన్ని తీసి గుడ్డలో చుట్టేశాడు.

"ఐదో ప్లేటు వదినా. అరిగిపోయింది. నేను కొలవకుండా వేశాను."

వదిన గోడ వైపు చూసింది. అన్న బండి, ఐదు అంకెలు. ఆమె కళ్లు నిండాయి.

"నాకెప్పుడో అనుమానం. అక్కడ సున్నం వెయ్యనివ్వనప్పుడే," అంది. లేచి వచ్చి, చిన్నపిల్లాడికి నిమిరినట్టు అతని తల నిమిరింది. "పోనీలే. తెలిసి చేశావా ఏం? వేయించెయ్యి ఇంక సున్నం."

అతను తలూపాడు. పది నంబరు స్పానరు తీసి, కొరుకుడు పడ్డ ఆ నట్టుని వదులు చేసి, లివరుకి బియ్యపు గింజంత ఆట ఇచ్చాడు. అమ్మాయి ఎక్కే బండి కదా.