మా అమ్మాయి మార్చి చూసిన లోకాలు

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే పక్కింటి అంగన్‌వాడీ టీచరమ్మ రాస్తోంది. నా మాట మొరటుగా ఉందని కొంచెం సరిచేస్తానంది. సరిచేసుకో తల్లీ, సంగతి మాత్రం మార్చొద్దు అన్నాను.

మా అమ్మాయి నరసరావుపేటలో ఎమ్మెస్సీ ఫిజిక్సు చదువుతోంది. ఆదివారం ఆదివారం గురజాల దగ్గర మా ఊరికి వస్తుంది. వచ్చిందంటే ఫోన్‌లో కథలు రాసుకుంటూ కూర్చుంటుంది. రాజులు, రాణుల కథలు కావు. లోకాన్నే కొత్తగా పుట్టించే కథలు. ఏందే అవి అని అడిగితే నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. కంటికి కనపడనంత చిన్నవాటికి వేరే పద్ధతి ఉందట. వాటికి గోడ అడ్డమొస్తే, దాన్ని దాటే సత్తువ లేకపోయినా, ఎప్పుడో ఒకసారి గోడ అవతల తేలతాయట. దాన్నంతా ఒక అంకె నడిపిస్తుందట. ఆ అంకె మరీ చిన్నది కాబట్టి మనుషులకు అలా జరగదు. ఈ పిల్ల కథలో ఆ అంకెను మార్చి, అప్పుడు లోకం ఎలా ఉంటుందో చూస్తుంది. క్వాంటం అంటుంది దాన్ని. నా నోట ఆ మాట సరిగా పలకదు.

మొదట అంకెను బాగా పెంచింది. ఆ లోకంలో మనుషులు గోడల్లోంచి నడుస్తారు. రాయి విసిరితే ఒంట్లోంచి దూరి పోతుంది గానీ దెబ్బ తగలదు.

"మరి అన్నం గిన్నెలో నిలుస్తదా?" అన్నాను.

"నిలవదమ్మా, కారిపోద్ది."

"అయితే ఏం బతుకే అది!"

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత అంకెను పూర్తిగా తీసేసింది. అప్పుడు ఏదీ దేన్నీ దాటదు, రాయి రాయిగానే ఉంటుంది. కానీ సూర్యుడు ఆరిపోయాడు. సూర్యుడు మండేది కూడా అట్టా గోడ దాటే దొంగదారినేనట. నాకు భయం వేసింది. మూడోసారి మందు అంటుకోని లోకం చేసింది. క్వారీలో రాతికి తొలిచిన బెజ్జాల్లో కూరే పేలుడు మందు అన్నమాట. అది అంటుకోకపోతే పొయ్యి కూడా అంటుకోదట.

ఎందుకు ఇన్ని లోకాలు మారుస్తోందో నాకు అప్పుడు తెలిసింది. వాళ్ల నాయన బతికుండే లోకం కోసం వెతుకుతోంది.

ఆయన రాళ్ల క్వారీలో మందు పేల్చే పని చేసేవాడు. నేను అక్కడే రాళ్లు మోసేదాన్ని. అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా పోయాడు. ఆయన తొందర మనిషి, ఆగకుండా పోయి చూశాడు, చివరి మందు పేలింది అని ఊరంతా చెప్పుకుంది. అమ్మాయీ అదే నమ్మింది.

మొన్న ఆదివారం నేను మిరపకాయలకు తొడిమలు తీస్తూ ఉంటే నా పక్కన కూర్చుని తన కొత్త కథ చదివి వినిపించింది. ఈసారి లోకం చక్కగా కుదిరింది. సూర్యుడున్నాడు, పొయ్యి మండుతోంది, రాళ్లు కొంచెం మెత్తగా ఉన్నాయి. అయినా చివర్లో వాళ్ల నాయన ఆగకుండా లేచి చూడబోతాడు, చచ్చిపోతాడు. "ఏ అంకె మార్చినా మా నాన్న తొందర మారలేదు" అని ముగించింది. ఒక పత్రికవాళ్లు వేస్తామన్నారట. గురువారంలోపు పంపాలట.

నా చెయ్యి ఆగిపోయింది. ఆయన పోయాక ఆయనకు మిగిలింది పేరొక్కటే. అది కూడా అచ్చులో చెడిపోతుంది, అదీ కూతురి చేత్తో. జరిగింది చెబితే ఈ పిల్ల నాకు దక్కుతుందో లేదో తెలియదు. చెప్పకపోతే ఆయన్ను రెండోసారి పంపినట్టే.

"మీ నాయన తొందర మనిషి కాదే" అన్నాను.

"నువ్వట్టాగే అంటావులే. ఊరంతా చెప్పారు గదా."

"ఊరికేం తెలుసు? నేనే పొమ్మన్నా."

అమ్మాయి తల ఎత్తింది. ఇక చెప్పక తప్పలేదు.

క్వారీలో మధ్యాహ్నం అన్నాలకు ముందు పేల్చేవాళ్లు. అందరం రాళ్ల గుట్ట చాటుకు చేరేవాళ్లం. ఆయన వత్తులు వరసగా అంటించి పరిగెత్తుకొచ్చేవాడు. లెక్క నాది. ఎన్ని బెజ్జాలుంటే అన్ని చిప్పరాళ్లు ఒళ్లో పెట్టుకునేదాన్ని. ఒక్కో చప్పుడుకు ఒక్కో రాయి కింద పడేసేదాన్ని. ఒళ్లో ఒక్కటి మిగిలినా ఎవరూ లేవకూడదు. అన్నాలు తినాలి, ఆ తర్వాత కూడా చాలాసేపు ఆగాలి. మిగతావాళ్లు చెవులు మూసుకునేవాళ్లు. నేను మూసుకునేదాన్ని కాదు.

ఆ రోజు తొమ్మిది. ఏడు పోయాయి. ఎనిమిదోది మామూలు చప్పుడు కాదు, నేల ఎగిరిపడింది. ఒక్కోసారి రెండు వత్తులు ఒకేసారి కాలి రెండూ కలిసి పేలతాయి. పెద్ద చప్పుడైతే రెండు అని లెక్క వేయడం అక్కడ అందరికీ అలవాటు. నేనూ ఒళ్లో ఉన్న రెండు రాళ్లూ పడేశాను. ఆయన అడిగాడు.

"ఏమే, ఎన్ని?"

"అన్నీ అయినయ్యి."

ముందు పోయి చూడాల్సింది ఆయనే. పోయాడు. నేను తలకు తువ్వాలు చుట్టుకుంటున్నాను. తొమ్మిదోది అప్పుడు పేలింది.

అమ్మాయి అంతా విని రెండే ప్రశ్నలు అడిగింది.

"రెండూ ఒక్కసారే పడేశావా?"

"పడేశా."

"నీకు వినపడింది?"

"ఒకటే. చానా పెద్దది."

తిట్టలేదు. తిడితే బాగుండేది. తొడిమ తీసిన కాయల్నే మళ్లీ చేతిలోకి తీసుకుని లేని తొడిమ కోసం వెతికింది. సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. రెండు రోజులు ఫోన్ లేదు. దాని ఫొటో మీద నొక్కితే ఫోన్ పోతుందని నాకు తెలుసు. నొక్కేదాన్ని, మోగకముందే కట్ చేసేదాన్ని. ఎత్తితే ఏం మాట్లాడాలి?

బుధవారం తనే చేసింది. బాగున్నావా అని కూడా అడగలేదు.

"కథ మార్చానమ్మా. విను."

ఈసారి వేరే పద్ధతి మార్చిందట. చిన్నవాటిలో ఒకే రకానివి రెండు కలిస్తే ఏది ఏదో ఎవరూ చెప్పలేరట. చెవి తప్పు కాదు, కంటి తప్పు కాదు, లోకం పద్ధతే అంత. దాన్ని ఈ పిల్ల చప్పుళ్ల దాకా పెంచింది. ఆ లోకంలో పేలింది ఒకటో రెండో ఎంత చదివినవాళ్లకైనా తెలియదు. అక్కడా క్వారీ ఉంది, తొమ్మిది బెజ్జాలున్నాయి, నేనున్నాను. ఆయన ఎన్ని అని అడుగుతాడు. అక్కడి నేను, "తెలవదయ్యా, కూసో" అంటాను. ఆయన కూర్చుంటాడు. క్యారేజీ విప్పుతాడు. కథ అయిపోయింది.

నా కోసం అంత పని చేసింది నా కూతురు. ఆయన పేరు నిలబెట్టింది. నా తప్పు కాదనిపించడానికి లోకం పద్ధతినే మార్చేసింది. కానీ తెలవదు కూసో అనడానికి ఏ అంకె మార్చాలి? ఆ మాట ఆ రోజు ఈ లోకంలో కూడా అనొచ్చు. నాకు నోరుంది, ఆయనకు చెవులున్నాయి. ఈ సంగతి దానికి ఎలా చెప్పను? అంత చదివిన పిల్లకు తట్టలేదంటే నమ్మను. తట్టే ఉంటుంది, నా కోసం దాన్ని దాటి రాసింది.

"అమ్మా, లైన్‌లో ఉన్నావా?"

"ఉన్నా."

"ఎట్టుంది?"

"బాగుందే."

"పంపమంటావా?"

"పంపు" అన్నాను.