మేస్త్రీ సరిచేసిన గోడ

పరాయి దేశంలో, ఒక పల్లె చివర, ఏళ్ళ తరబడి తాళం వేసి ఉన్న పాత ఇల్లు మావారికి నచ్చింది. కొన్నాం. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు, పాత ఇల్లు బాగుచేయించి చూడు అని ఎందుకు అనలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

వడ్రంగి రేపొస్తానంటాడు, రాడు. పైపులవాడు వస్తాడు, పైపులు చూసి నెత్తి గోక్కుని వెళ్ళిపోతాడు. ఠంచనుగా వచ్చింది తాపీ మేస్త్రీ ఒక్కడే. అయినా ఆయనకీ నాకూ ఉప్పూ నిప్పూ. దారానికి కట్టిన గుండు గోడ పక్కన వేలాడదీసి, ఒక కన్ను మూసుకుని అలా చూస్తూ ఉండిపోయేవాడు. వెంట్రుకవాసి తేడా కనబడితే చాలు, చేసిందంతా గీకేసి మళ్ళీ మొదలుపెట్టేవాడు.

"ఎవరు చూడొచ్చారు మేస్త్రీ? అక్కడ బీరువా పెట్టేస్తాంగా," అన్నానొకసారి.

"బీరువా జరిపినవాడికి కనబడుతుందమ్మాయీ," అన్నాడు.

వాళ్ళ భాషలో ఆయన అన్నవి మన మాటల్లో చెబుతున్నాను. మొండితనం ఏ భాషలోనైనా ఒకటే.

ఆయన వెంట రోజూ భార్య కూడా వచ్చేది. పనిలోకి పెళ్ళాన్ని వెంటబెట్టుకు రావడమేమిటని వడ్రంగిని అడిగితే సంగతి చెప్పాడు. ఆవిడకి మతిమరుపు జబ్బు. సొంతింట్లో మొగుణ్ణి చూసి, "ఎవరు మీరు? నన్ను మా ఇంట్లో దింపండి" అని ఏడుస్తుందట. ఆ "మా ఇల్లు" ఇదే. ఆవిడ పుట్టిల్లు. పైకప్పు బాగుచేయడానికి వచ్చిన కుర్ర మేస్త్రీకి ఈ వంటింట్లోనే మంచినీళ్ళిచ్చి, మనసూ ఇచ్చేసింది. తర్వాత అన్నదమ్ములు ఇల్లమ్ముకున్నారు. ఇల్లు చేతులు మారి మారి పాడుపడింది.

వంటింట్లో పొయ్యి పక్క గోడ లోపలి రాళ్ళు ఎప్పుడో జరిగి, గోడకి బానపొట్ట వచ్చింది. ఆవిడ రాగానే అరచెయ్యి ఆ పొట్టమీద వేసి, రాసుకుంటూ నడిచేది. పొయ్యి దాకా వచ్చేసరికి మొహం తేటపడేది. వెనక్కి తిరిగి, "ఏవయ్యో, పొద్దుట్నుంచీ ఏమైనా తిన్నావా?" అనేది. ఆయన ఎంత తిని ఉన్నా, "ఎక్కడా, నువ్వు పెడితేగా!" అనేవాడు. ఇంటి దగ్గర పరాయివాడు, ఇక్కడ మొగుడు. పని పూర్తయితే ఈ ముసలాయన గతేమిటని నాకు బెంగ పట్టుకుంది.

"వంటిల్లు ఉన్నదున్నట్టు ఉంచెయ్యండి మేస్త్రీ. పని అయిపోయాక కూడా మీ ఇద్దరూ రోజూ రండి," అన్నాను.

"చల్లగా ఉండమ్మాయీ," అని ఆయన మళ్ళీ పనిలో పడ్డాడు.

ఇంతలో ఆవిడకి జ్వరం తగిలింది. కూతురు వచ్చి కనిపెట్టుకుని ఉంది. మేమేమో పట్నంలో ఉన్నాం. వానలకి వంటింటి గోడ పెచ్చులూడింది. మేస్త్రీ వేలితో కొట్టి చూస్తే డొల్లగా మోగిందట. డొల్ల గోడని వదిలేసే మేస్త్రీ ఎక్కడైనా ఉంటాడా? అందులోనూ పెళ్ళాం రోజూ నిలబడే చోటు. పాత సున్నమంతా రాల్చి, రాళ్ళు తీసి, మళ్ళీ పేర్చి, గుండు వేలాడదీసి మరీ పూత పూశాడు. ఆ చేతులకి వంకర పని చేతకాదు.

మేం తిరిగొచ్చేసరికి గోడ పలకలా ఉంది.

"చూశావా? ఇంక నూరేళ్ళు కదలదు. మా ఆవిడ నిశ్చింతగా నిలబడొచ్చు," అన్నాడు సంబరంగా. ఆవిడ చెయ్యి వేసే పొట్ట ఏదని అడగబోయాను. ఆయన మొహం చూసి, బాగుందన్నాను.

జ్వరం తగ్గి ఆవిడ వచ్చింది. గోడమీద చెయ్యి వేసింది. చెయ్యి జారుతూ చివరిదాకా పోయింది. మళ్ళీ వెనక్కి వచ్చి మొదటినుంచీ వేసింది. తర్వాత బెదురు చూపులతో నన్ను చూసింది, మావారిని చూసింది, మొగుణ్ణీ అలాగే చూసింది.

"మా ఇంటికి ఎటు వెళ్ళాలండీ?" అని అడిగింది.

నేను పక్కగదిలోకి పోయి ఏడ్చాను. ఆయన ఏడవలేదు. మర్నాటినుంచి గుండు ఇంటిదగ్గరే వదిలేసి వచ్చాడు. బతుకంతా వంకరలు తీసిన మనిషి, కూర్చుని గోడకి మళ్ళీ పొట్ట పెట్టడం మొదలుపెట్టాడు. సున్నం ముద్దలు అద్దేవాడు, కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమేవాడు, గీకేసి మళ్ళీ అద్దేవాడు.

"ఇంకొంచెం కిందికి ఉండేదా అమ్మాయీ?" అని నన్నడిగేవాడు. నాకేం తెలుసు? అవునంటే ఒక బాధ, కాదంటే ఒక బాధ.

గోడ ఆరాక ఆవిణ్ణి తీసుకొచ్చాడు. తనే ఆవిడ చెయ్యి పట్టుకుని పొట్టమీద పెట్టాడు. ఆవిడ తడిమింది. ఒకచోట ఆగింది. మళ్ళీ తడిమింది. నేను దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

ఆవిడ మర్యాదగా చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆయన బట్టలకంటిన సున్నం చూసి, నొచ్చుకుంటాడేమోనని గొంతు తగ్గించింది.

"మేస్త్రీ గారూ, ఏమీ అనుకోకండి. గోడ వంకరగా వచ్చింది. మా ఆయన చూశాడంటే ఊరుకోడు."

ఆయన గోడకేసి చూశాడు.

"నిజమేనమ్మా, సరిచేస్తాను," అన్నాడు.

తాపీ అందుకుని గీకడం మొదలుపెట్టాడు. మా ఆయన వచ్చే వేళయిందంటూ ఆవిడ గుమ్మం వైపు కుర్చీ తిప్పుకుని కూర్చుంది.