శాంతయ్య విరిచిన మాట

నాగర్‌కర్నూల్‌లో బండల మీద పేర్లు చెక్కే శాంతయ్యకు తెలుగు తప్ప మరో భాష రాదు. అయినా కాగితం మీద ఏ అక్షరాలున్నా చూసి, వంకర పోకుండా రాతి మీదికి దించేవాడు. ఆ సంగతి ఆయనే పదిమందికీ చెప్పుకునేవాడు.

2003లో తిమ్మాజిపేట దగ్గరి ఒక చిన్న దవాఖానలో ఇంగెర్ అనే స్వీడన్ నర్సు చనిపోయింది. ఊళ్లో అందరికీ ఆమె ఇంగమ్మ. శాంతయ్య భార్య కాన్పు కష్టమైనప్పుడు రెండు రోజులు పక్క వదలకుండా తల్లినీ బిడ్డనూ దక్కించింది ఆమే. అందుకే కాంపౌండర్ బాలన్న ఆమె పేరిట బండ చెక్కాలని కాగితం తెస్తే, శాంతయ్య కళ్లకద్దుకుని తీసుకున్నాడు.

కాగితంలో పేరు కింద రెండు మాటలున్నాయి. స్వీడన్ నుంచి ఇంగమ్మ చెల్లెలు రాసి పంపినవి. రెండోది పదమూడు అక్షరాల పొడుగు.

"గిదంత ఒక్కటే మాటనంట శాంతన్నా. ఇరగ్గొట్టకు," అన్నాడు బాలన్న.

"నాకు చెప్తున్నవా? జర నవ్వొస్తుంది," అన్నాడు శాంతయ్య.

తీరా బండ మీద గీసుకుంటే, ఆ పొడుగు మాటలో నాలుగక్షరాలకే వరుస నిండింది. అక్షరాలు చిన్నవి చేయాలంటే మొదటి నుంచీ గీయాలి. బద్ధకించి, మిగతా తొమ్మిదింటినీ కింది వరుసలో చెక్కేశాడు. ఇక్కడ ఎవరు చదవొచ్చారులే అనుకున్నాడు.

ఏడాది తిరిగాక చెల్లెలు బ్రిత్తా స్వయంగా వచ్చింది. బాలన్న కబురు పెడితే శాంతయ్య పనిలోంచి అట్లాగే, పనిముట్ల సంచి భుజాన వేసుకుని వచ్చాడు. మెచ్చుకుంటారనుకున్నాడు. ఆమె బండను చేత్తో తడిమి, తోడొచ్చిన సుహాసిని టీచరుతో ఇంగ్లీషులో మెల్లగా ఏదో చెప్పింది. టీచరు ముఖం మాడిపోయింది.

"ఏమంటుంది టీచరమ్మా?"

"వాళ్ల భాషల మాటకు మాట అతికి ఒక్కటే చేస్తరంట శాంతన్నా. రోగుల్ని చూసుకునే ఆమె, అంటే నర్సు అని దానర్థం. నువ్వు నడుమల ఇరిస్తే రోగిష్టి ఆయమ్మ అని అయిందంట."

"కాగితంల గట్లనే రాసిచ్చిండ్రు," అనేశాడు శాంతయ్య.

బాలన్న దవాఖాన లోపలికి పోయి, దాచిన కాగితం తెచ్చి టీచరు చేతిలో పెట్టాడు. మాట ఒక్కటిగానే ఉంది.

తన బిడ్డను బతికించిన మనిషిని రోగిష్టి అని రాతి మీద రాసి, పైగా నింద ఇంకొకరి మీద వేశాడు. శాంతయ్యకు తల కొట్టేసినట్టయింది. "అబద్ధమాడిన. బాలన్న చెప్పిండు, నేనే ఇనలే," అన్నాడు నేల చూస్తూ.

బ్రిత్తా కోప్పడలేదు. వరుస చాలక మాట విరిస్తే, విరవాల్సింది సరిగ్గా అక్కడేనట. కాకపోతే వరుస చివర చిన్న అడ్డగీత ఉండాలట. అదుంటే రెండు ముక్కలూ ఒకే మాటని చదివేవాళ్లకు తెలుస్తుందట.

వరుస చివర వేలెడు జాగా మిగిలే ఉంది. శాంతయ్య ఉలి తీశాడు. పది దెబ్బల పనికి రెండుసార్లు ఆగాడు. గీత పడ్డాక బ్రిత్తా మాటను పైకి చదివి, ఆయనకు దండం పెట్టింది. తిరిగి దండం పెట్టడానికి ఆయనకు చేతులు లేవలేదు.

బస్సు దాకా బాలన్న వెంట వచ్చాడు. "అందరి ముందల నన్ను అబద్ధాలకోరును చేస్తివి గద," అన్నాడు.

"చేసిన," అన్నాడు శాంతయ్య. బస్సులో సీట్లు ఖాళీగానే ఉన్నాయి. నాగర్‌కర్నూల్ దాకా నిలబడే పోయాడు.