నీలం తిరిగిన అమ్మ కత్తి

నిన్న మధ్యాహ్నం, కామారెడ్డిలో మా ఇంటి మేడమీది గదిలో ఉన్న నా పనిబల్ల మీదికి, పాత చీర గుడ్డలో చుట్టిన కత్తి ఒకటి మళ్ళీ వచ్చింది. లింగంపేటలో ఉండే మా అక్క సాన కోసం పంపింది. దాని గురించి రాయడానికి ముందు, నిశ్చయంగా తెలిసినదాన్నీ చెవిన పడినదాన్నీ వేరుచేసి పెట్టుకోవాలి. కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడికి మిగిలే రోగాలలో ఇదొకటి. కత్తి ఇనుప భాగం పొడవు ఆరున్నర అంగుళాలు, రెండుసార్లు కొలిచాను. అది మా అమ్మది. ఎల్లారెడ్డిలో ఒక కమ్మరి చేశాడు. ఆయన చేతి గుర్తుగా వేసిన మూడు చుక్కలు పిడి దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. ఇంతవరకు నిశ్చయం. ఇక విన్నవి: మీటర్‌గేజి రోజుల నాటి రైలుపెట్టె స్ప్రింగు నుంచి దీన్ని సాగదీశారని, అమావాస్యనాడే కొలిమిలో పెట్టి, ఆముదంలో ముంచి గట్టిపరిచారని, కత్తిని చేతి నుంచి చేతికిస్తే ఇచ్చినవాళ్ళకూ పుచ్చుకున్నవాళ్ళకూ మాటలు ఆగిపోతాయని. ఈ చివరిదాన్ని అబద్ధమని నిరూపించడానికి చిన్నతనంలో నేను కావాలని ఎన్నోసార్లు అక్క చేతికి కత్తి ఇవ్వబోయాను. ఆమె ఒక్కసారి కూడా పుచ్చుకోలేదు. "కింద పెట్టురా" అనేది. అందువల్ల ఆ ప్రయోగం ఫలితం తేలకుండానే మిగిలిపోయింది.

కత్తులు చేయడం నా కాలక్షేపం అని చెబితే కొత్తవాళ్ళు రెండడుగులు వెనక్కి వేస్తారు. నేను చేసేవి వంటింటి కత్తులే. మడిచి జేబులో పెట్టుకునేవి కావు. ఇనుమూ పిడీ కదలకుండా ఒక్కటిగా నిలిచేవి. మొదట బజారులో దొరికే కత్తుల ప్లాస్టిక్ పిడులు ఊడదీసి తుమ్మచెక్క పిడులు వేశాను. తరువాత, ఇనుమును రాసే ఉక్కు ఆకురాళ్ళు అరిగిపోయినవాటినీ విరిగిన రంపపు బద్దలనూ తెచ్చి కొత్త కత్తులుగా మలచడం మొదలుపెట్టాను. మా వీధిలో నా కత్తి లేని వంటిల్లు లేదు. ఉండాలని వాళ్ళెవరూ కోరలేదన్నది వేరే సంగతి. "అందరూ రిటైరయినంక గుళ్ళకు పోతరు, మీరు పాత ఇనుపసామాను దుకాణానికి పోతరు" అని మా ఆవిడ అంటుంది. ఆమె పరిశీలన సరైనదే. ఆ దుకాణంలో నాకు దొరికేది ఇనుము మాత్రమే కాదు, ప్రశ్నలు. ఒకేలా తుప్పు పట్టిన రెండు ముక్కల్లో ఒకటి ఆకురాయికి లొంగుతుంది, రెండోది గాజులా దాన్ని జారిపోనిస్తుంది. ఎందుకని?

అక్కకు రెండేళ్ళ కింద పక్షవాతం వచ్చింది. ప్రాణానికి ముప్పు లేకపోయినా కుడిచేతిలో చివరి రెండు వేళ్ళు మాట వినడం మానేశాయి. ఏళ్ళ తరబడి బీడీలు చుట్టిన వేళ్ళు అవి. చూడకుండానే ఆకు మడిచి దారం కట్టేవి. అమ్మ కత్తి పిడి వేలంత సన్నం. ఒకనాడు అది చేతిలోంచి జారి ఆమె పాదం పక్కన నేలలో దిగబడింది. ఇంట్లోవాళ్ళు హడలిపోయి దాన్ని అటకమీద దాచారు. నేను చూడబోయినప్పుడు ఆమె తన జబ్బు గురించి ఒక్క మాట చెప్పలేదు. కత్తి గురించే చెప్పింది. "నా కత్తి నాకు దాచుడేందిరా? కోడలు మంచిదే, కాదంటలేను. గని కూరగాయ కోస్తే ముక్కలు బియ్యమంతుంటయి. నేను కోసిన కూర నేను తినాలె." చేతికి వ్యాయామం నేర్పే అమ్మాయి కూడా చేతికి అలవాటైన పని పెడితేనే పట్టు తిరిగి వస్తుందని చెప్పిందట. అది ఆ అమ్మాయి నోట నేనే స్వయంగా విని నిర్ధారించుకున్నాను. అప్పుడు గోధుమపిండి ముద్ద ఒకటి అక్క చేతిలో పెట్టి గట్టిగా పిసకమన్నాను. మూడు వేళ్ళ గుర్తులు లోతుగా పడ్డాయి. చివరి రెండూ పిండిని తాకాయో లేదో అన్నట్టున్నాయి. కొత్త పిడికి కొలత ఆ ముద్దే. దాన్నీ కత్తినీ తీసుకుని, "వారంలో తెస్తా" అని బయలుదేరాను.

పిడి మార్చడంతో ఆగి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. లక్క కరిగించి పాత పిడి ఊడదీయగానే, ఇంతకాలం చెక్కలో దాగి ఉన్న ఇనుప తోక బయటపడింది. దానితోపాటు నా సందేహమూ బయటపడింది. ఇది నిజంగా రైలు స్ప్రింగేనా? తిరిగే సానరాయికి ఉక్కును ఆనిస్తే లేచే నిప్పురవ్వలను బట్టి అందులో కర్బనం ఎంతుందో ఉజ్జాయింపుగా చెప్పవచ్చు; మెత్తటి ఇనుము రవ్వలు తిన్నగా పోతాయి, కర్బనం ఉన్న ఉక్కు రవ్వలు చివర కొమ్మలు వేస్తాయి. తోకను ఆనించాను; కొమ్మలు కొన్నే వచ్చాయి. అంచు కూడా ఇలాగే ఉంటుందా అని అంచును ఆనించాను. అక్కడ రవ్వలు చీపురు పుల్లల్లా విచ్చుకున్నాయి. అంటే తోక ఒక ఇనుము, అంచు ఇంకో ఉక్కు, రెండూ కలిపి అతికినవా? ఇంకొంచెం చూద్దామని ఇంకొంచెం ఆనించాను. నీళ్ళ గిన్నె పక్కనే ఉంది. కళ్ళు మాత్రం రవ్వల మీద ఉన్నాయి. ఎత్తి చూసేసరికి అంచు మీద పసుపు, దాని వెనుక గోధుమరంగు, కొస దగ్గర నెమలికంఠం లాంటి నీలం. ఆ రంగుల అర్థం నేను కొన్ని తరాల పిల్లలకు నల్లబల్ల మీద రాసి చెప్పాను. నీలం వచ్చిందంటే గట్టిదనం పోయినట్టే. ఆకురాయితో గీసి చూశాను. గట్టి అంచు మీద జారిపోవలసిన ఆకురాయి వెన్నలోలా దిగింది. పదును పెడితే నిలవలేదు. మూడు టమాటలకే అంచు పక్కకు ఒరిగింది. బలం లేని చేతికి మొండి కత్తి ఎంత ప్రమాదమో నాకు తెలుసు. ఎక్కువ నొక్కాలి, నొక్కితే జారుతుంది.

మళ్ళీ గట్టిపరచాలంటే ఎర్రగా కాల్చి ముంచాలి. ఏ ఉక్కో తెలియనిదాన్ని ఎంత కాల్చాలి, దేనిలో ముంచాలి? అనుమానంతో రెండు రోజులు గడిపి ఎల్లారెడ్డి వెళ్ళాను. కత్తి చేసిన కమ్మరి పోయి చాలాకాలమైంది. ఆయన భార్య ఉంది. ఊరంతా ఆమెను అవ్వ అనే అంటారు. భర్త బతికున్నన్నాళ్ళూ ఎదురుగా నిలబడి పెద్ద సుత్తి వేసినది ఆమే. ఇప్పటికీ వానలు పడే ముందు కొడవళ్ళకు పదును పెట్టడానికి కొలిమి రాజేస్తుంది. చుక్కలు చూడగానే గుర్తుపట్టింది. నీలం చూడగానే అర్థం చేసుకుంది.

"గిదెవరు చేసిండ్రు సారూ?"

"నేనే అవ్వా."

"ఏం పని చేస్తుంటివి?"

"కాలేజీల పాఠం చెప్తుంటి."

"గట్లనా," అంది, ఇక వేరే వివరణ అక్కరలేదన్నట్టు.

రైలు స్ప్రింగు సంగతి అడిగితే తెలియదంది. తెచ్చిన ఇనుమేదో భర్తకే ఎరుక, తనకు కొట్టడమే ఎరుక. అమావాస్య సంగతి అడిగేసరికి మాత్రం నవ్వు ఆగలేదు. "నాట్లప్పుడు అందరూ ఒక్కసారే వస్తుండె. నాకు ముందు చెయ్యి, నాకు ముందు చెయ్యి అని మీద పడుతుండ్రి. అమాసకైతేనే గట్టిపడతది అని మా ఆయన చెప్పేటోడు. పదిహేను దినాలు నిమ్మళం! ఆముదమా? గా దినాలల్ల తలకు రాసుకుందామన్నా లేకుండె, ఇనుముకేడ పోస్తం? నీళ్ళే." నా జీవితంలో ఒక నమ్మకం పుట్టుపూర్వోత్తరాలు ఇంత స్పష్టంగా, సాక్షి నోట వినడం అదొక్కసారే.

అయితే ఆ నీళ్ళే చిక్కు. ఎర్రటి ఉక్కు నీళ్ళలో పడితే ఒక్కోసారి పగులుతుంది. ఇది ఒకసారి దెబ్బతిన్నది, అంచు సన్నబడింది. అవ్వ దాచలేదు: "చిటుక్కుమన్నదంటే అయిపాయె. అతికేది లేదు. మీ అక్కనడుగు. కత్తి ఆమెది గద." నేను చేసిన పని అక్కకు అప్పటివరకు చెప్పలేదు. ఫోన్ చేసి చెప్పాను. "రేడియో ఇప్పితివి, నాయిన గడియారం ఇప్పితివి. అమ్మది గీ కత్తి ఒక్కటే మిగిలిందనుకున్న" అంది. ముంచితే పగలవచ్చని అవ్వ అన్నది కూడా చెప్పాను. ఆమే మళ్ళీ అంది: "ముంచుమను. పగిలితే పగలనియ్యి. గోడకు పెట్టి దండం పెట్టెటందుకా అది? కోస్తేనే కత్తి."

అవ్వ కొలిమి ముందు గోనెపట్టా దించింది. పట్టపగలు లోపల మసకచీకటి. దిష్టి తగలకుండానా అని అడిగాను. "దిష్టేంది సారూ! ఎండల ఇనుము ఎరుపు కండ్లకానదు. ఇంక కాలలేదనుకొని ఇంకింత కాలుస్తరు, ఖరాబు చేస్తరు. గింత చదివినవు, గిది ఎరుకలేదా?" సిగ్గుపడి కొలిమికి గాలి ఊదే చక్రం తిప్పాను. నేనూ ఒక సాధనం తెచ్చుకున్నాను: తాడుకు కట్టిన అయస్కాంతం. తగినంత కాలిన ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. రంగు మీద నమ్మకం లేనివాడికి అదే ఆధారం. ఆమె పట్టుకారుతో కత్తిని తీసి చూస్తోంది, పెడుతోంది. ప్రతిసారీ నేను అయస్కాంతం చూపుతున్నాను, అది అంటుకుంటోంది. "గా ఆటవస్తువు పక్కకు పెట్టు" అంది. ఇంకో నాలుగు తిప్పులయ్యాక "ఇగో, ఇప్పుడు" అంది. అయస్కాంతం దగ్గరకు తెచ్చాను. తాడు నిటారుగా వేలాడింది, కదలలేదు. ఆమె కన్నూ నా అయస్కాంతమూ ఒకే క్షణాన ఒకే మాట చెప్పాయి. ఆ సంతోషాన్ని అనుభవించే వ్యవధి లేదు; అంచు మాత్రమే నీళ్ళలో మునిగింది. బుస్సుమంది. ఇద్దరం చెవులు రిక్కించాం. చిటుక్కు వినబడలేదు.

అంతలో ఆమె కత్తిని బయటికి లాగి, అంచును ఇటుకపెళ్ళతో గబగబా రుద్ది, పట్టా ఎత్తి వెలుగులో పెట్టింది. వెన్నుభాగంలో మిగిలిన వేడి అంచువైపు పాకుతోంది. తెల్లటి ఉక్కు మీద లేత పసుపు మెల్లగా ముందుకు వస్తోంది. ఎండుగడ్డి రంగు అంచును తాకగానే అవ్వ మొత్తం కత్తిని ముంచేసింది. నన్ను మోసం చేసిన రంగులే అవి; ఆమె వాటిని గడ్డి దగ్గర ఆపింది, నేను నీలం దాకా పోనిచ్చాను. ఆకురాయితో గీశాను. జారింది. ఇంకోసారి గీశాను. "నమ్మకం లేదా?" అంది అవ్వ. "ఉంది. చూస్తున్న" అన్నాను.

పిండిముద్ద కొలతకు తుమ్మచెక్కతో లావుపాటి పిడి చేశాను; చివరి రెండు వేళ్ళు పని చేయకపోయినా ఆనుకునేందుకు కింద ఒక గుబ్బ ఉంచాను. చెప్పిన వారం కాస్తా మూడు వారాలైంది. లింగంపేటలో అక్క పీట మీద కూర్చుని, ముందు టమాటలు పెట్టుకుని ఎదురుచూస్తోంది. కోడలు గుమ్మంలో నిలబడి చూస్తోంది. అక్క వంగి అందుకోవడం కష్టమని కత్తి పిడిని ఆమెవైపు తిప్పి చేతికి అందించబోయాను.

"కింద పెట్టు."

"చేతికిస్తే ఏమైతదక్కా?"

"మాటలు బందయితే నాకు ఫోన్ చేసేదెవరురా?"

పళ్ళెం పక్కన పెట్టాను. ఆమె చేయి దిగింది. మొదటిసారి పిడి దొర్లిపోయింది. రెండోసారి లేచి పడింది. నా చేయి ముందుకు పోబోతే కళ్ళతోనే ఆపింది. మూడోసారి మూడు వేళ్ళు బిగుసుకున్నాయి, మిగిలిన రెండూ గుబ్బ మీద ఆనుకున్నాయి. టమాట పైచర్మం మీద అంచు నిలిచి, ఏ బలమూ అక్కరలేకుండా లోపలికి దిగింది. ముక్కలు లావుగా, వంకరగా పడ్డాయి. ఆమె ఒకటి ఎత్తి కోడలికి చూపింది. "బియ్యమంత లేవు గద?"

అది జరిగి ఏడాది దాటింది. ఒక ప్రశ్న మాత్రం అలాగే ఉంది: ఈ అంచు ఉక్కు ఎక్కడిది? నా పాత విద్యార్థి ఒకడు హైదరాబాదులో లోహాల పరీక్షశాలలో పనిచేస్తున్నాడు. గోరంత ముక్క కోసి పంపితే ఏ రకమో చెబుతానన్నాడు. ఆ రకం తెలిసినా అది ఏ బండి కింద పరుగెత్తిందో తెలియదు. పైగా తెలుసుకోవాలంటే మళ్ళీ కోయాలి. తెలుసుకోవడం కోసం దీన్ని ఒకసారి చెడగొట్టాను. అందుకే పంపలేదు. ఈ ఉదయం రాయి మీద మెల్లగా, నీళ్ళు చల్లుకుంటూ సాన పెట్టాను. సాన పెట్టిన ప్రతిసారీ వెంట్రుకవాసి ఉక్కు పోతుంది. అమ్మ వాడగా అరిగినంత అరిగింది, ఇప్పుడు అక్క వాడకానికి అరుగుతోంది. పొడవు కొలిచానే కాని వెడల్పు కొలవలేదు. కాలం తన వంతు తీసుకుంటూనే ఉందని తెలుసు. ఎంత తీసుకుందో అంకెల్లో చూడాలని, మొదటిసారిగా, నాకు అనిపించలేదు.