డిసెంబరులో వచ్చిన మూఢం

గుంటూరు నుంచి విజయవాడ వెళ్లే హైవే పక్కన అద్దాల షోరూం ఒకటుంది. అందులో కోటి రూపాయల కార్లు అమ్ముతారు. ఆ షోరూంలో అందరికంటే పాతమనిషి ఎవరయ్యా అంటే శేషాచలం గారు. మేనేజరు హెలెన్ కూడా ఆయన తర్వాతే. కంపెనీ జీతాల పట్టీలో ఆయన పేరు ఉండదు, ఆయన మెడలో ఐడీ కార్డూ ఉండదు. ఆయన పని కార్లకి పూజ చేయడం. ఆయన తిరిగేది మాత్రం ఓ పాత మోపెడ్ మీద. దానికి ఎన్నడైనా ఓ కొబ్బరికాయ కొట్టిన పాపాన పోయారో లేదో ఎవరూ చూడలేదు.

శేషాచలం గారిది ప్రత్తిపాడు వైపు పల్లెటూరు. తండ్రి అక్కడి గుడిలో అర్చకుడు. గుడికి మాన్యం ఉందని కాగితాలు చెప్పేవి, కుండలోకి మాత్రం బియ్యం వచ్చేవి కావు. అందుకని ఈయన కుర్రతనంలోనే గుంటూరు చేరి, మోటారు సైకిళ్లకి పూజలు చేస్తూ ట్రాక్టర్ల దాకా ఎదిగారు. అక్కడి నుంచి జర్మనీ కార్ల దాకా రావడం ఆయన చేసుకున్నది కాదు, మిర్చి వ్యాపారి యలమంద గారి మొండితనం వల్ల జరిగింది.

షోరూం తెరిచిన కొత్తలో మొదటి కారు కొన్నది యలమంద గారే. కారు తీసుకెళ్లే రోజున ఆయన కొబ్బరికాయా, నాలుగు నిమ్మకాయలూ, గుమ్మడికాయా పట్టుకుని సకుటుంబంగా దిగారు. షోరూం వాళ్లు హడలిపోయారు. ప్రపంచంలో ఏ ఊళ్లోనైనా తమ షోరూం నేల ఒక్కలాగే మెరవాలనీ, దాని మీద చుక్క నీరు కూడా పడకూడదనీ కంపెనీ వాళ్ల రూలు. నిమ్మరసం పడితే ఆ టైల్సు మచ్చ పడతాయి మరి. యలమంద గారు సోఫాలో మఠం వేసుకుని కూర్చున్నారు.

"కాయ కొట్టకుండా బండి కదిల్తే ఒట్టు. ఎవర్ని పిలుస్తారో పిలుచుకోండి!" అన్నారు.

పక్కనే ట్రాక్టర్ల షోరూంలో ఉన్న శేషాచలం గారిని అప్పటికప్పుడు పిలుచుకొచ్చారు. ఆయన చేతి వేళ్లకి పసుపు ఇంకా ఆరనేలేదు. విషయం విని, "దానికేం భాగ్యం, కారుని బయటికి తోయించండి" అన్నారు. మే నెల ఎండలో సిమెంటు నేల మీద పూజ అయింది, కాయ పగిలింది, యలమంద గారు లేచారు. ఆ తర్వాత కంపెనీకి బుద్ధొచ్చిందో, లెక్క అర్థమైందో గానీ, గుమ్మం పక్కన పందిరి వేసి, చీమకుర్తి నల్లరాయి పలక ఒకటి పరిపించారు. కొబ్బరికాయలు కొట్టడానికే! కొత్తగా కట్టే షోరూంలన్నిటికీ ప్లానులోనే ఆ రాయిని చేర్చారని హెలెన్ చెప్పినప్పుడు శేషాచలం గారు రోజంతా మీసాల కింద నవ్వుకుంటూ తిరిగారు.

ముహూర్తం కోసం కాచుకునే వేళల్లో సోఫాలో కూర్చుని కాఫీ తాగుతూ ఆయన చాలా సంగతులు విన్నారు. ఈ కంపెనీ కారు ఎంత గొప్పగా చేసినా, ఇక్కడి గాలి ఎటు వీస్తే అటు తిరగక తప్పదని ఆయనకి అర్థమైంది. అంతా అక్కడే చేసి ఓడలో తెస్తే సుంకం వాచిపోతుందని విడిభాగాలు తెప్పించి ఇక్కడే బిగించడం మొదలుపెట్టారు. మన షావుకార్లు స్టీరింగు పట్టరు, డ్రైవరుని పెట్టుకుని వెనకాల కూర్చుంటారు. అందుకని వెనక సీట్లో కాళ్లు చాపుకునే చోటు పెంచారు. మన రోడ్ల గోతులు చూసి అడుగుభాగం కాస్త ఎత్తు చేశారు. నెలనెలా వాయిదా అంటే రైతుకీ, వ్యాపారికీ కుదరదు గనక, పంట అమ్ముడయ్యే నెలల్లో పెద్ద మొత్తం కట్టే వీలు పెట్టారు. తుళ్లూరు వైపు రాజధాని కబురు వేడిగా ఉంటే అటు మనుషుల్ని పంపేవాళ్లు, చల్లబడితే చీమకుర్తి గ్రానైటు వాళ్ల చుట్టూ తిరిగేవాళ్లు. "జర్మనీ వాళ్లు చేసిన కారుని మన మిరపకాయ నడుపుతోందే" అని ఆయన భార్య రాజరాజేశ్వరితో అనేవారు.

ఈ మధ్య ఆ మిరపకాయే ఎదురు తిరిగింది. రేటు పడిపోయి మిర్చి యార్డులో టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, కదలడం మానేశాయి, నిరుటి సరుకు ఇంకా కోల్డ్ స్టోరేజీల్లోనే మూలుగుతోంది. అయినా పెద్ద కార్ల మీద పన్ను తగ్గిందన్న కబురుతో దసరాకి కొన్ని కార్లు కదిలాయి. మిగిలినవాళ్లు చూద్దాం, చేద్దాం అంటుండగా మార్గశిరంలో శుక్రమూఢం వచ్చిపడింది. అదీ మామూలుగా కాదు, మాఘమాసం అమావాస్య దాకా. పెళ్లిళ్లు ఆగాయి, గృహప్రవేశాలు ఆగాయి, బుక్ చేసిన కార్లు కూడా అద్దాల వెనకే ఉండిపోయాయి.

కంపెనీ వాళ్లకేమో డిసెంబరుతో ఏడాది ముగుస్తుంది. హైదరాబాదు నుంచి ఏరియా హెడ్ శశిభూషణ్ వచ్చి, హెలెన్‌నీ శేషాచలం గారినీ మేనేజరు గదిలో కూర్చోబెట్టుకున్నాడు. ఈ నెలాఖరుకి ఇంకో ఏడు కార్లు బయటికి పోకపోతే గుంటూరు షోరూం ఎత్తేసి విజయవాడలో కలిపేస్తారని చెప్పాడు. బుక్ చేసినవాళ్లు అంతకంటే ఎక్కువమందే ఉన్నారు. అందరూ మూఢం పోయాకే అంటున్నారు.

"పంతులుగారూ, మీ మాటంటే వాళ్లకి గురి. డిసెంబర్‌లో ఒక్క మంచి రోజు చూడండి. ఎక్కడో అక్కడ ఉండకపోదు కదండీ" అన్నాడు.

"లేదండి. శుక్రుడు కనపడ్డం లేదు."

"శుక్రుడికీ కారుకీ ఏం సంబంధమండీ?"

"నేను పెట్టిన సంబంధం కాదండి. వాహనాలకి కారకుడు ఆయనే."

శశిభూషణ్ ఫోను తీసి చూపించాడు. "ఇదిగో, అత్యవసరమైతే కొనొచ్చని ఇందులో ఒక పండితుడు చెప్తున్నాడు చూడండి."

"నిజమేనండి, అలా చెప్పేవాళ్లున్నారు. కానీ యలమంద గారింట్లో ఇప్పటికే మూడు కార్లున్నాయి. నాలుగోది అత్యవసరమని నేను ఏ నోటితో చెప్పనండీ?"

హెలెన్ నవ్వు ఆపుకుంది. శశిభూషణ్‌కి నవ్వు రాలేదు. "షోరూం మూతపడితే మీరూ ఉండరు, ఇక్కడ పనిచేసే ఇంతమంది పిల్లలూ ఉండరు. ఆలోచించుకోండి" అని లేచాడు.

సాయంత్రానికే యలమంద గారు ఫోను చేశారు. "ఏం పంతులుగారూ, పన్నెండో తారీకు దివ్యంగా ఉందని షోరూం వాళ్లంటున్నారు. నిజమేనా? మీరు ఊఁ అన్నారంటే ఆ రోజు తెల్లారేసరికి వచ్చి బండి తీసుకుంటా."

శేషాచలం గారి నోటి దాకా వచ్చింది ఆ ఊఁ. ఒక్క అక్షరం. అంటే సగం గండం గట్టెక్కుతుంది, ఈయన అన్నారని తెలిస్తే మిగతావాళ్లూ వస్తారు. "మాఘం దాటనియ్యండి" అని ఫోను పెట్టేశారు. ఆయన వీరుడేమీ కాదు, బాగా భయపడ్డారు. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ మోటారు సైకిళ్ల షాపుల ముందు పసుపు డబ్బా పట్టుకుని నిలబడాలంటే ఆయనకి చేతకాదు. అంతకంటే, రిసెప్షన్‌లో కూర్చునే పిల్లల మొహాలు ఎలా చూడాలో తెలియలేదు.

"ఊఁ అంటే నోటి ముత్యాలు రాలతాయా?" అంది రాజరాజేశ్వరి, కంచంలో అన్నం వడ్డిస్తూ. చారు పోస్తూ తనే, "అనకండి లెండి. అన్నాక మీకు అన్నం దిగదు, నాకు వండిన సుఖం ఉండదు" అంది.

మూఢంలో పురోహితుడికి పనేముంటుంది? ఆదివారం పొద్దున ఆయన ఊరికే మోపెడ్ వేసుకుని బయల్దేరారు. బ్రాడీపేట దాటాక చర్చి వదిలే వేళయి, రోడ్డు నిండా కార్లు ఆగి ఉన్నాయి. తెల్లచీరల్లో, ఇస్త్రీ చొక్కాల్లో జనం బయటికి వస్తున్నారు. డాక్టర్లు, లెక్చరర్లు, కాంట్రాక్టర్లు. గేటు మీద అప్పుడే నక్షత్రాలు కడుతున్నారు. ఆయన మోపెడ్ ఆపి ఒక్కో కారే చూసుకుంటూ వెళ్లారు. మంచి మంచి కార్లున్నాయి. తమ షోరూంది ఒక్కటీ లేదు.

బైబిలు చంకలో పెట్టుకుని బయటికొచ్చిన హెలెన్ ఆయన్ని చూసి ఆశ్చర్యపోయింది. "పంతులుగారూ, మీరేంటండీ ఇక్కడ?"

"అమ్మా హెలెన్, మీవాళ్లకి మూఢం పట్టింపు లేదు కదూ?"

"ఎందుకుంటుందండీ?" అని నవ్వింది.

"మరి వీళ్లనెప్పుడైనా మన షోరూంకి పిలిచావా తల్లీ?"

హెలెన్ నవ్వు ఆగిపోయింది. కంపెనీ వాళ్లు ఎవరికి ఫోన్లు చేయాలో చెబుతూ పట్టిక పంపుతారు. అందులో మిర్చి యార్డు ఉంటుంది, కోల్డ్ స్టోరేజీలుంటాయి, గ్రానైటు ఉంటుంది, రాజధాని భూములుంటాయి. ఈ గేటులోంచి బయటికి వచ్చేవాళ్లు అందులో లేరు. ఆమె తండ్రి ఆ యార్డులోనే టిక్కీలు మోసి ఆమెని ఎంబీయే చదివించాడు.

"మావాళ్లు... ఈ కార్లు కొంటారా?" అంది.

ఇంకెవరైనా ఆ మాట అంటే హెలెన్ వాళ్ల పని పట్టేది. తన నోటి నుంచే వచ్చేసరికి సిగ్గుపడి తల దించుకుంది. శేషాచలం గారు అటు తిరిగి మోపెడ్ స్టాండు సర్దుతున్నట్టు నటించారు.

మర్నాటి నుంచి షోరూం తీరే మారింది. కంపెనీ పట్టిక పక్కన పెట్టి హెలెన్ కొత్తది రాసుకుంది. పాస్టరు అయ్యగారి అనుమతితో చర్చి ఆవరణలో కారు నిలబెట్టింది. చీమకుర్తిలో రాళ్లు కోయించే అస్లాం దగ్గరికీ, వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీ నడిపే కరీమున్ దగ్గరికీ తనే వెళ్లింది. "ఇది మన సెగ్మెంట్ కాదు" అని శశిభూషణ్ మొదట గునిశాడు. అస్లాం అడ్వాన్సు కట్టాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు. పై నెల హైదరాబాదు మీటింగులో ఆ ఆలోచన తనదేనని చెప్పుకున్నాడని తర్వాత తెలిసింది, చెప్పుకోనీ పాపం.

ఒకరికి మౌల్వీ గారొచ్చి దువా చేశారు, ఒకరికి పాస్టరు గారొచ్చి ప్రార్థన చేశారు. కార్లు ఒకటొకటిగా బయటికి వెళ్లాయి. నల్లరాయి పలక మీద దుమ్ము పేరుకుంది. శేషాచలం గారు రోజూ వచ్చి, సోఫాలో కూర్చుని, కాఫీ తాగి వెళ్లిపోయేవారు. సంతోషమే, కాదనరు. కానీ తన అవసరం లేకుండా పూర్తయిన పనిని పక్కన కూర్చుని చూడటంలో చిన్న ముల్లు ఉంటుంది. అది ఆయనకి గుచ్చుకుంది.

ఏడో కారు డిసెంబరు ఆఖరి రోజుకి వచ్చి ఆగింది. కొన్నది నరసరావుపేటలో ఆసుపత్రి నడిపే డాక్టర్ జెస్సీ. ఆ కారు గేటు దాటితే షోరూం నిలబడుతుంది. శశిభూషణ్ పొద్దుటే వచ్చి అద్దం దగ్గర నిలబడ్డాడు. అయ్యగారు చాలాసేపు ప్రార్థన చేశారు, అందరూ ఆమెన్ అన్నారు. జెస్సీ వెనక తలుపు తీసి తల్లిని కూర్చోమంది.

తల్లి ఆదెమ్మ కూర్చోలేదు. ఎర్ర అంచు నేతచీర, అరిగిన చెప్పులు, ఏళ్ల తరబడి మిరపకాయలు ఏరి గట్టిపడిన వేళ్లు. ఆమె చుట్టూ చూసి, సోఫాలో బొట్టూ పంచా ఉత్తరీయంతో కూర్చున్న శేషాచలం గారిని చూపుతో పట్టుకుంది. నేరుగా ఆయన దగ్గరికి నడిచింది.

"పంతులుగారూ, ఇయ్యాళ మంచి రోజేనంటారా?"

"అమ్మా! ప్రార్థన అయిపోయిందిగా, ఇదేంటి?" అంది జెస్సీ, అయ్యగారి వైపు ఇబ్బందిగా చూస్తూ.

"అయిందిలేవే, దేవుడు విన్నాడులే. నేను వేరే అడుగుతున్నా." ఆదెమ్మ ఆయన వైపే తిరిగి చెప్పింది. "మా ఊళ్లో రైతులు నారు పొయ్యాలన్నా, కళ్లం లేపాలన్నా పంతుల్ని అడిగి రోజు పెట్టించుకునేవాళ్లండి. వాళ్ల మంచి రోజునే మేం కూలికెళ్లేవాళ్లం. నా కోసమని ఎప్పుడూ అడగలేదు. అడిగేంత పని ఏం పడిందని? ఇయ్యాళ పడింది. కాదంటే చెప్పండి, సంక్రాంతి పండగ వెళ్లాక వస్తాం."

హెలెన్ చీర కొంగు నలుపుతోంది. శశిభూషణ్ అద్దం వదిలి రెండడుగులు ముందుకొచ్చి ఆగిపోయాడు.

శేషాచలం గారు లేచి నిలబడ్డారు. ఆ క్షణాన ఆయనకి షోరూం గుర్తు రాలేదు, శశిభూషణ్ గుర్తు రాలేదు, శుక్రుడూ గుర్తు రాలేదు. తన తండ్రి ఊళ్లో ఎందరికో రోజులు పెట్టాడు. ఊరి చివర కూలీల పేట వైపు మాత్రం ఏనాడూ వెళ్లలేదు, అక్కడి నుంచి ఎవరూ వచ్చి అడగనూ లేదు. ఇన్నేళ్లూ ఆ సంగతి తనకి తట్టనందుకు కళ్లు చెమర్చాయి.

"మంచి రోజేనమ్మా. చాలా మంచి రోజు" అన్నారు.

"నిజంగానా?"

"నా మీద ఒట్టు."

ఆదెమ్మ చెప్పులు విప్పి, చేత్తో పట్టుకుని కారెక్కింది. ఆయనే వంగి తలుపు వేశారు.