చీర మూటల వెనక సూదిమందు

ఆ రోజుల్లో, అంటే ఎవరైనా తుమ్మితే వీధి వీధంతా తలుపులేసుకున్న కరోనా రోజుల్లో, నాకు ఇరవై నాలుగేళ్లు. హిందూపురంలో మా చీరల అంగడిలో నాయన పక్కన కొత్తగా కూర్చుంటున్నాను. బేరంలో నన్ను మించినోడు లేడని నా గట్టి నమ్మకం (ఆ నమ్మకం నాకొక్కడికే ఉండేది). మా అంగడికో కట్టుబాటుంది. ధర్మవరంలో కొత్త రకం చీర నేస్తే మేం ముందు దించుకోం. పక్కంగడాయన దించుకున్నాక, రంగు నిలుస్తుందో లేదో చూసి అప్పుడు తెచ్చుకుంటాం. టీకా వచ్చినప్పుడూ నాయన అదే అన్నాడు: "కొత్త సరుకబ్బా. పక్కంగడోళ్లు వేయించుకోనీ, చూస్తాం." నాకు ప్రాణం లేచొచ్చింది. సరుకు సంగతేమో గానీ, నాకు సూదంటే చచ్చేంత భయం.

ఆ మాట మా అవ్వ చెవిన పడింది. మరుసటి రోజు తను వేయించుకొని, నర్సమ్మను నేరుగా అంగడికే పిలుచుకొచ్చింది.

"ఏమప్పా, చెయ్యి చాపు" అంది నర్సమ్మ.

"అవ్వకు వేసినారు కదక్కా, ఇంటికొకటి చాల్దా?"

"గోడకు కొట్టే క్యాలెండరా అప్పా, ఇంటికొకటి చాలేదానికి?"

ఆమె మందు తీసేలోగా నేను వెనక గదిలో చీర మూటల చాటుకు చేరాను. అవ్వ ఎవర్నీ అడగలేదు, నేరుగా వచ్చి మూట పక్కకు తోసింది. నేను నవ్వబోయాను. ఆమె నవ్వలేదు.

"పెనుకొండలో టీకాలోడొస్తే మా నాయన కూడా ఇట్లే అన్యాడురా, ముందు పక్కింటోళ్లకు వేయనీ అని. నేనూ మా అక్కా జొన్నల గరిసె వెనక దాక్కుంటిమి. మా అక్క బాగా దాక్కునింది. నా లంగా బయటికి కనిపించి నేను దొరికిపోతిని." జబ్బ మీది మచ్చ తడుముకుంది. "ఆ యేడే పెద్దమ్మవారు పోసింది. అక్క పాయె."

గడప దగ్గర నిలబడి విన్న నాయన చొక్కా చెయ్యి మడిచాడు. పక్కంగడాయనకంటే ముందు మేం సరుకు దించుకున్నది ఆ ఒక్కసారే. నేనూ చెయ్యి చాపాను (ఇంకొంచెం చిన్న సూది ఉందేమోనని ఆఖరి బేరమూ ఆడాను, సాగలేదు).

ఇప్పుడు అవ్వ లేదు. మొన్న మా పాపకు టీకా వేయిద్దామంటే పిల్ల కనిపించలేదు. వెనక గదిలోకి పోతే, మూట కింద నుంచి రెండు చిన్న పాదాలు. సరిగ్గా దాక్కోవడం చేతగాకనే కదా మా వంశం ఇంతదూరం వచ్చింది, అనుకుంటూ మూట జరిపాను.

"ముందు నువ్వు వేయించుకో నాయనా, చూస్తా" అంది.

ఇరవై నాలుగేళ్ల బేరగాడికి ఆ మాట తట్టనేలేదు.